సానియా ఎక్కిన మూడు మెట్లు

ఉదయం ఎనిమిదిన్నర. యూసుఫ్‌గూడ చెక్‌పోస్ట్ దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డారు మీరు. కృష్ణానగర్ నుంచి వచ్చే ఆటోల నిండా షూటింగులకు బయల్దేరిన జూనియర్ ఆర్టిస్టులు. ఇడ్లీ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని హాస్టల్ కుర్రాళ్లు. తెల్లారకముందే ప్రాక్టీసుకు వెళ్లిన పిల్లలు కోట్ల విజయభాస్కర్‌రెడ్డి ఇండోర్ స్టేడియం నుంచి చెమటతో తిరిగొస్తున్నారు. వాళ్లను స్కూటర్ల మీద ఎక్కించుకుని, స్కూలుకు టైమవుతోందని కసురుతున్నారు తండ్రులు.

ఈ పేటలోనే సెయింట్ మేరీస్ కాలేజీ ఉంది. భుజాన బ్యాగులతో గేటులోకి వెళ్తున్న అమ్మాయిల్ని చూడండి. ఒకప్పుడు ఈ కాలేజీ హాజరు పట్టీలో సానియా మీర్జా పేరుండేది. స్కూలు చదువు నాసర్‌లో, డిగ్రీ ఇక్కడ. ఆమె చదువుకునే నాటికి ఇక్కడ మెట్రో లేదు. ఇప్పుడుంది. ఎక్కండి. మధురానగర్ దాటగానే అమీర్‌పేట. జనం తోసుకెళ్తుంటే మీరూ వాళ్లతోపాటే రైలు మారండి. పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం. పాతవాళ్ల నోట ఫతేమైదాన్. ఆ ఆవరణలోనే టెన్నిస్ కోర్టులున్నాయి.

గ్యాలరీలో కూర్చోండి. తేదీ 2005 ఫిబ్రవరి 12. శనివారం.

ఆ మూడో సెట్

హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. నెట్‌కు అవతల ఉక్రెయిన్ అమ్మాయి అల్యోనా బొందరెంకో. ఇవతల పద్దెనిమిదేళ్ల సానియా. ముక్కుపుడక, చెవులకు రింగులు, బిగించి కట్టిన జుట్టు. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లలో చాలామందికి టెన్నిస్ లెక్క కొత్త. పదిహేను, ముప్ఫై దాకా బాగానే ఉంది, ఆ తర్వాత నలభై అయిదు కాకుండా నలభై ఎందుకొచ్చిందని పక్కవాళ్లను అడిగే రకం. లెక్క తెలియకపోయినా ఫర్వాలేదు. బంతి ఎవరి రాకెట్ నుంచి ఎంత వేగంగా బయల్దేరుతోందో కళ్లకు కనిపిస్తూనే ఉంది.

ఆమె ఫోర్‌హ్యాండ్ మీద కన్నేసి ఉంచండి. మిగతా క్రీడాకారిణులు భుజాన్ని వెనక్కి తిప్పి, నడుం తిప్పి, అంత పెద్ద కదలికతో తెచ్చే బలాన్ని ఈమె చివరి క్షణంలో మణికట్టు విదిలింపుతో తెస్తుంది. మణికట్టు మామూలు మనుషులకంటే ఎక్కువ వంగుతుంది. అందుకే బంతి ఎటు పోతుందో అవతలివాళ్లకు ముందే అంతుపట్టదు. తెలిసేసరికి అది పక్కనుంచి దూసుకుపోయి ఉంటుంది. బలహీనత కూడా దాచుకోవడానికి లేదు. సర్వీస్ మెత్తన. రెండో సర్వీస్ మరీ మెత్తన. కోర్టు మూలకు లాగితే పరుగులో వెనకబడుతుంది. అందుకని ఎదురుగా ఉన్నవాళ్లు ఆమెను పరుగెత్తించాలని చూస్తారు. ఆమె పరుగెత్తే అవసరం రాకముందే పాయింట్ ముగించాలని చూస్తుంది. ఆట మొత్తం ఈ లాగులాటే.

మొదటి సెట్ 6-4తో సానియాది. రెండోది 7-5తో బొందరెంకోది. గ్యాలరీలో గుసగుస మొదలైంది. మన పిల్లలు ఇక్కడిదాకా వచ్చి జారిపోవడం మనకు కొత్తేం కాదు కదా. మూడో సెట్‌లోనూ సానియా పద్ధతి మార్చుకోలేదు. రక్షణలోకి పోలేదు. బంతి కనిపిస్తే కొట్టడమే. 6-3.

లేచి నిలబడండి, అందరూ లేచారు. డబ్ల్యూటీఏ టూర్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ మీ కళ్లముందే ఉంది. అంతకుముందు మన దేశానికి మహిళల టెన్నిస్‌లో చెప్పుకోదగ్గ గుర్తు అంటే 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో నిరుపమా వైద్యనాథన్ ఒక మ్యాచ్ గెలవడం. అక్కడి నుంచి ఇక్కడికి ఏడేళ్లు.

అంతకుముందు రెండు మెట్లు

ఈ గెలుపు ఒక్క వారంలో రాలేదు. గ్యాలరీలో అదే సీటులో రెండేళ్లు వెనక్కి జరగండి. 2003. ఇదే టోర్నమెంట్, మొదటి ఏడాది. నిర్వాహకులు స్థానిక అమ్మాయికి వైల్డ్ కార్డ్ ఇచ్చారు. అంటే ర్యాంకు చాలకపోయినా ఆతిథ్యమిచ్చే ఊరు తనవాళ్లకు ఇచ్చే ప్రవేశం. పదహారేళ్ల సానియా మొదటి రౌండ్‌లోనే ఆస్ట్రేలియాకు చెందిన ఈవీ డొమినికోవిచ్ చేతిలో ఓడింది. ఆ ఏడాది టైటిల్ థాయ్‌లాండ్ క్రీడాకారిణి తమరీన్ తనసుగర్న్‌ది. ఓడినా సానియాకు ఒకటి తెలిసింది, పెద్ద టూర్‌లో బంతి ఎంత బరువుగా వస్తుందో. ఆ వేసవిలోనే ఆమె రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. ఆ శీతాకాలం మొదట్లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌లో నాలుగు బంగారు పతకాలు.

2004లో మళ్లీ ఇదే టోర్నమెంట్. ఈసారి డబుల్స్‌లో దక్షిణాఫ్రికాలో పుట్టిన లీజెల్ హ్యూబర్‌తో జట్టు కట్టింది. ఫైనల్‌లో ఎదురుపడింది చైనా జంట లీ తింగ్, సున్ తియాన్‌తియాన్. అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారం గెలవబోయే జంట. వాళ్లను సానియా, హ్యూబర్ వరుస సెట్లలో ఓడించారు. పదిహేడేళ్లకు మొదటి టూర్ టైటిల్.

మొదటి ఏడాది ఓటమి, రెండో ఏడాది డబుల్స్, మూడో ఏడాది సింగిల్స్. మూడు మెట్లూ ఇదే ఆవరణలో, ఇంటి అన్నం తిని వచ్చి ఎక్కినవే. టెన్నిస్ ఖర్చు తెలిసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. విమాన టికెట్లు, హోటళ్లు, కోచ్ జీతం, ప్రతి వారం ఒక కొత్త ఊరు. ర్యాంకు పాయింట్ల కోసం ఎక్కడెక్కడో తిరిగే అమ్మాయికి సొంత ఊళ్లో ఒక టోర్నమెంట్ జరిగితే ఆ ఖర్చు లేకుండానే పెద్దవాళ్లతో తలపడే అవకాశం. తండ్రి ఇమ్రాన్ మీర్జా ఆమె వెంట తిరిగి దగ్గరుండి నేర్పించారు. మొదటి పాఠాలు చెప్పినవాళ్లలో మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి ఒకరు. సికింద్రాబాద్‌లోని సిన్నెట్ అకాడమీలోనూ సాధన చేసింది. ఇంతమంది కష్టానికి ఈ టోర్నమెంట్ ఒక గుమ్మం తెరిచింది.

ప్రపంచం చూసిన ఏడాది

2005లో సానియాతో పాటు తిరగాలంటే మీ కాళ్లు నొప్పి పెడతాయి. జనవరి మెల్‌బోర్న్. వైల్డ్ కార్డ్‌తో వచ్చి ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌కు చేరింది. అక్కడ ఎదురుగా సెరీనా విలియమ్స్. 1-6తో మొదటి సెట్ ఎగిరిపోయింది. రెండో సెట్‌లో భయం వదిలింది. 4-6 దాకా నిలిచింది. సెరీనా ఆ ఏడాది ట్రోఫీ ఎత్తింది. ఫిబ్రవరిలో హైదరాబాద్. ఆ వెంటనే దుబాయ్, అక్కడ అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్‌నెత్సోవాపై 6-4, 6-2. సెప్టెంబర్ న్యూయార్క్. మూడో రౌండ్‌లో ఫ్రాన్స్ క్రీడాకారిణి మారియన్ బర్తోలీని ఓడించి నాలుగో రౌండ్‌కు చేరింది. అక్కడ మారియా షరపోవా 6-2, 6-1తో ఆపింది. ఏడాది చివర డబ్ల్యూటీఏ ఆమెను ఆ ఏటి మేటి కొత్త క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. 2006లో పద్మశ్రీ.

2005లోనే ఆమె స్కర్టు పొడవు మీద టీవీల్లో చర్చలు నడిచాయి. టీ స్టాళ్లలో ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి ఒక్క ముక్క తెలియనివాళ్లు ఆమె బట్టల గురించి గంటసేపు మాట్లాడారు. పంతొమ్మిదేళ్లు నిండని పిల్ల ఆ గోల మధ్య విమానం ఎక్కి మరో ఊళ్లో ఆడింది. 2006లో సియోల్‌లో మార్టినా హింగిస్‌ను ఓడించింది. 2007 ఆగస్టులో ప్రపంచ ర్యాంకు 27. ఆ మెట్టు దాకా వెళ్లిన భారతీయ మహిళ ఇప్పటికీ మరొకరు లేరు.

మణికట్టు

2008 ఆగస్టు, బీజింగ్ ఒలింపిక్స్. మొదటి రౌండ్. చెక్ క్రీడాకారిణి ఇవెతా బెనెషోవా మీద మొదటి సెట్ 1-6. రెండో సెట్‌లో మూడు గేములు కాగానే సానియా ఆగిపోయింది. కుడి మణికట్టు. ఆమెను గెలిపించిన చోటే దెబ్బ తగిలింది. ప్రతి ఫోర్‌హ్యాండ్‌కూ అంత విదిలింపు అడిగితే ఎముకలు, నరాలు ఎన్నేళ్లు ఓర్చుకుంటాయి? శస్త్రచికిత్స అప్పటికే జరిగింది. మోకాలికి కూడా కత్తి తప్పలేదు.

ఇక్కడే మీరు ఆమెను జాగ్రత్తగా గమనించాలి. చాలామంది ఈ దశలో ఆట మానేస్తారు, లేదంటే పాత ఆటే ఆడుతూ మెల్లగా మరుగున పడిపోతారు. సానియా తన ఆటను కాగితం మీద రెండు వరుసలుగా రాసుకున్నట్టు విడదీసుకుంది. సింగిల్స్‌లో దెబ్బతీసేవేవి? మెత్తని సర్వీస్, కోర్టు మొత్తం పరుగు. డబుల్స్‌లో సర్వీస్ చేశాక నెట్ దగ్గర తోడు ఒకరు కాపు కాస్తారు. కాపాడుకోవలసింది సగం కోర్టే. ఇక మిగిలింది ఫోర్‌హ్యాండ్, రిటర్న్. ఆ రెండింటిలో ఆమెకు సమానులు తక్కువ. కుడివైపు నిలబడి ఎదుటివాళ్ల సర్వీస్‌ను ఫోర్‌హ్యాండ్‌తో తిప్పికొడితే, నెట్ దగ్గర నిలబడ్డ అమ్మాయి రాకెట్ అడ్డం పెట్టుకుని తల కాపాడుకోవడమే.

ఫలితాలు వచ్చాయి. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్, మహేశ్ భూపతితో. 2012లో అదే జోడీ ఫ్రెంచ్ ఓపెన్. 2014లో బ్రెజిల్‌కు చెందిన బ్రూనో సోరెస్‌తో యూఎస్ ఓపెన్. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన విశాఖ కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్ బంగారం. 2013 కల్లా సింగిల్స్‌కు పూర్తిగా స్వస్తి చెప్పేసింది.

వింబుల్డన్, చీకటి పడుతుండగా

2015 జులై 11. లండన్. సెంటర్ కోర్టు. సాయంత్రం. పక్కన నిలబడింది ఒకప్పుడు సియోల్‌లో తన చేతిలో ఓడిన మార్టినా హింగిస్. ఆ మార్చిలో జోడీ కట్టారు. కట్టగానే ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ మూడూ వరుసగా గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ స్థానానికి చేరిన తొలి భారతీయ మహిళ. కానీ మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ ఇంకా చేతికి రాలేదు.

అవతల రష్యా జంట మకరోవా, వెస్నినా. మొదటి సెట్ వాళ్లది, 7-5. రెండోది టైబ్రేక్‌లో మనవాళ్లది. మూడో సెట్‌లో 2-5. ఇంకొక్క గేము పోతే అంతే. సెంటర్ కోర్టులో వెలుతురు తగ్గిపోతోంది. యూసుఫ్‌గూడలో అప్పటికి అర్ధరాత్రి దాటిపోయింది. టీవీ ముందు మేలుకున్నవాళ్లు ఇక రిమోట్ వెతుక్కునే సమయం.

వెతకకండి. హింగిస్ నెట్ దగ్గర వేళ్లతో సైగ చేసింది. సానియా రిటర్న్ కొట్టింది. 3-5. 4-5. 5-5. అప్పుడు ఆట ఆపారు. చీకటి పడింది, పైకప్పు మూసి లైట్లు వేశారు. విరామం తర్వాత కోర్టుకు తిరిగి వచ్చిన రష్యా జంట ముఖాల్లో ముందున్న ధీమా లేదు. రెండు గేములు. 7-5. వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆ రాత్రి హైదరాబాద్ అమ్మాయి.

సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ గెలిచారు. 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. మధ్యలో వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగారు. అంతా కలిపి సానియాకు ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, మూడు మహిళల డబుల్స్‌లో, మూడు మిక్స్‌డ్‌లో. టూర్‌లో 43 డబుల్స్ టైటిళ్లు. నంబర్ వన్ స్థానంలో 91 వారాలు. 2015లో ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్. ఆ ఏడాది రియో ఒలింపిక్స్‌లో రోహన్ బోపన్నతో నాలుగో స్థానం. ఒలింపిక్ పతకం ఒక్కటే ఆ చేతికి అందలేదు.

తల్లి అయ్యాక

2018 అక్టోబర్‌లో కొడుకు ఇజాన్ పుట్టాడు. మన ఇళ్లలో అయితే అక్కడితో ఆ కథ ముగిసిందని చుట్టాలే తేల్చేస్తారు. 2020 జనవరి, హోబర్ట్. ఉక్రెయిన్‌కు చెందిన నదియా కిచెనోక్‌తో ఆడుతోంది. రెండేళ్లకు పైగా విరామం తర్వాత మొదటి టోర్నమెంట్. టైటిల్ గెలిచింది.

2023 జనవరి 27న మళ్లీ మెల్‌బోర్న్‌లో ఉన్నారు మీరు. చివరి గ్రాండ్‌స్లామ్. మిక్స్‌డ్ ఫైనల్. పక్కన బోపన్న. పద్నాలుగేళ్ల వయసులో ఆమె మొదటి మిక్స్‌డ్ జోడీ ఇతడే. బ్రెజిల్ జంట స్టెఫానీ, మాటోస్ చేతిలో 6-7, 2-6తో ఓడారు. మైకు ముందు నిలబడ్డ సానియా గొంతు పూడుకుపోయింది. పద్దెనిమిదేళ్ల కిందట సెరీనాతో ఇదే మెల్‌బోర్న్‌లో ఆడిన పిల్లకు ఇప్పుడు గ్యాలరీలో నాలుగేళ్ల కొడుకున్నాడు. ఫిబ్రవరి 21న దుబాయ్‌లో మాడిసన్ కీస్ తోడుగా టూర్‌లో ఆఖరి మ్యాచ్. కుదెర్మెతోవా, సమ్సోనోవా 6-4, 6-0తో గెలిచారు.

మార్చి 5న, ఆదివారం, మళ్లీ లాల్ బహదూర్ స్టేడియం. వీడ్కోలుకు ప్రదర్శన మ్యాచ్‌లు. బోపన్న వచ్చాడు. ఇవాన్ డోడిగ్, బెథనీ మాటెక్ సాండ్స్, కారా బ్లాక్ వచ్చారు. 2005లో న్యూయార్క్‌లో తన చేతిలో ఓడిన బర్తోలీ వచ్చింది. గ్యాలరీలో స్కూలు పిల్లలు, చేతుల్లో అట్టముక్కల మీద రాసుకొచ్చిన నినాదాలు. రెండు దశాబ్దాల కిందట మెట్లెక్కిన ఆవరణలోనే రాకెట్ దించింది.

సొంతవాళ్ల మధ్య ఆట ముగించాలన్న కోరిక ఆమె ఒక్కదానిదే కాదు. 2025 ఫిబ్రవరి 4న రొమేనియాలోని క్లుజ్‌లో సిమోనా హాలెప్ కూడా ఇలాగే వీడ్కోలు చెప్పింది. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో సెరీనాపై 6-2, 6-2తో వింబుల్డన్ గెలిచిన మాజీ నంబర్ వన్. డోపింగ్ నిషేధం, దాని మీద న్యాయపోరాటం, మోకాలి నొప్పి అన్నీ దాటి వచ్చి లూసియా బ్రొంజెట్టి చేతిలో 1-6, 1-6తో ఓడి, మైకు తీసుకుని తన భాషలో తన జనానికి చెప్పింది. హాలెప్ ఓడింది ప్రదర్శన మ్యాచ్‌లో కాదు, డబ్ల్యూటీఏ టోర్నమెంట్‌లో. ఆమె దేశంలో ఆ స్థాయి టోర్నమెంట్ ఉంది. సానియా వీడ్కోలు నాటికి మన ఊళ్లో లేదు.

ఆ మెట్లు ఇప్పుడెక్కడ?

హైదరాబాద్ ఓపెన్ మూడేళ్లే జరిగింది. 2006లో ఆ టోర్నమెంట్ బెంగళూరుకు వెళ్లిపోయింది. 2008 తర్వాత అక్కడా ఆగిపోయింది. ఆ స్థాయి మహిళల టోర్నమెంట్ 2022లో చెన్నైకి వచ్చేదాకా దేశంలో లేనేలేదు. ఆ చెన్నైలో ఏం జరిగిందో చూడండి. వైల్డ్ కార్డ్‌తో ఆడిన కర్మన్ కౌర్ థాండీ మొదటి రౌండ్‌లో ఎనిమిదో సీడ్ క్లోయి పాకేను ఓడించింది. గుమ్మం తెరిస్తే లోపలికి వచ్చేవాళ్లు ఉన్నారని ఒక్క వారంలోనే తేలింది.

మన ఊళ్లోనూ ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచి భారత్‌ను ప్లేఆఫ్‌కు తీసుకెళ్లిన శ్రీవల్లి రష్మిక భమిడిపాటి హైదరాబాదీ. యమలపల్లి సహజదీ ఇదే ఊరు. మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో సానియా పెట్టిన అకాడమీ 2013 నుంచి నడుస్తోంది. కోర్టులున్నాయి, పిల్లలున్నారు, పొద్దున్నే స్కూటర్ల మీద తీసుకొచ్చే తల్లిదండ్రులున్నారు.

2014లో తెలంగాణ ప్రభుత్వం సానియాను రాష్ట్ర బ్రాండ్ అంబాసిడర్‌గా పెట్టుకుని కోటి రూపాయలిచ్చింది. గెలిచొచ్చినవాళ్లకు ఇచ్చే బహుమతులకు మన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు. గెలవకముందు, మొదటి రౌండ్‌లో ఓడిపోయే వయసులో, ఓడిపోవడానికైనా ఒక చోటు ఇచ్చినందుకే సానియా మనకు దక్కింది. కాబట్టి క్రీడాశాఖ, తెలంగాణ టెన్నిస్ సంఘం, ఈ ఊరి కంపెనీలు కలిసి హైదరాబాద్ ఓపెన్‌ను మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్క ఏడాది పండగలా కాకుండా, కనీసం మూడేళ్లు వరుసగా జరపాలి. సానియాకు పట్టింది సరిగ్గా అంతకాలమే.